ఇంట్లో ఎన్ని పిల్లుల్ని పెంచుకోవచ్చు? లెక్క వేసుకునే పద్ధతి

ఈ ప్రశ్నకు చాలామంది ఇంటి కొలతలతో జవాబు వెతుకుతారు. గదులెన్ని, హాలు ఎంత అని. అదీ పనికొచ్చే కొలతే, కానీ మొదట చూడాల్సింది అది కాదు. రెండు గదుల ఇంట్లో మూడు పిల్లులు హాయిగా ఉండొచ్చు. పెద్ద ఇంట్లో రెండే ఉన్నా ఒకదాని మొహం ఒకటి చూడకుండా ఏళ్లు గడపొచ్చు.

లెక్కకు మూడు హద్దులున్నాయి. ఒకటి, ఆ పిల్లులకు ఒకదానితో ఒకదానికి ఎంతవరకు పడుతుందన్నది. రెండు, రోజూ మీ చేతిలో ఉండే సమయం. మూడోది గడ్డు నెల. అంటే ఒక పిల్లి జబ్బుపడి, ఇంకొకటి తిండి మానేసి, అప్పుడే మీకూ ఒంట్లో బాగోలేనప్పుడు ఎన్నిటిని చూసుకోగలరన్నది. మూడింటికీ విడివిడిగా అంకె వేసి, అందులో చిన్నది తీసుకోండి. సగటు తీయొద్దు. అంతా సవ్యంగా సాగే రోజుల్లో ఇంకొకటి తెచ్చుకుంటే ఏం పోయిందనిపిస్తుంది. లెక్క తప్పేది అక్కడే.

ముందు జంటలు లెక్కపెట్టండి

పిల్లి ఒంటరిగా వేటాడే జంతువు. ఇంటిపిల్లికి మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి ఇప్పటికీ ఒంటరిగానే తిరుగుతుంది. ఒకేచోట తిండి పుష్కలంగా దొరికితే వీధిపిల్లులు గుంపుగా ఉంటాయి, నిజమే. కానీ ఆ గుంపు సాధారణంగా తల్లీకూతుళ్లు, అక్కచెల్లెళ్ల గుంపు. బయటి పిల్లిని అంత తేలిగ్గా రానివ్వవు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. రక్తసంబంధం లేని పిల్లుల్ని, వాటి ఇష్టం అడక్కుండా, తలుపులు మూసిన ఇంట్లో పెడతాం. చాలావరకు సర్దుకుంటాయి. ఎన్నిటి దాకా సర్దుకుంటాయన్నదే అసలు ప్రశ్న.

అందుకని పిల్లుల్ని కాక జంటల్ని లెక్కపెట్టాలి. రెండు పిల్లులుంటే ఒకే జంట. మూడుంటే మూడు జంటలు. నాలుగుంటే 6, అయిదుంటే 10, ఆరుంటే 15. మీరు తెచ్చేది ఒక్క పిల్లినే అయినా, అయిదో పిల్లితో ఇంట్లోకి నాలుగు కొత్త సంబంధాలు వస్తాయి. వాటిలో ఒక్కటి చెడినా ఇల్లంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒక్కో జంటను వారం రోజులు గమనించి కాగితం మీద గుర్తు పెట్టండి. ఒకదాన్నొకటి నాకడం, ఒళ్లు ఆనించుకుని పడుకోవడం, ఎదురుపడ్డప్పుడు తోక నిటారుగా లేపి ముక్కులు తాకించుకోవడం, పక్కనుంచి పోతూ ఒళ్లు రాసుకోవడం లాంటివి వారంలో పలుసార్లు కనిపిస్తే కూడిక గుర్తు. గొడవా లేదు, చెలిమీ లేదు, ఎవరి దారి వారిది అన్నట్టుంటే సున్నా. ఒకటి గదిలోకి రాగానే రెండోది లేచిపోవడం, రెప్పవేయకుండా చూపు నిలపడం, గుమ్మానికి అడ్డంగా పడుకోవడం, లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాల కోసం ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే తొట్టి) దగ్గర కాపు కాయడం ఉంటే తీసివేత గుర్తు. ఒకే మంచం మీద పడుకున్నాయని మోసపోకండి. ఇంట్లో మెత్తటి చోటు అదొక్కటే అయితే పడని పిల్లులు కూడా పడుకుంటాయి. వాటి మధ్య మీ చెయ్యి పట్టేంత ఖాళీ ఎప్పుడూ ఉంటోందంటే అది కూడిక కాదు.

తీసివేతను పట్టుకోవడం కష్టం. పిల్లుల పోట్లాటలో పెద్ద భాగం చప్పుడు లేకుండా జరిగిపోతుంది. నడవాలో ఒక పిల్లి ముందుకాళ్లు మడుచుకుని పడుకుని ఉంటుంది. చూసేవాళ్లకు కునుకు తీస్తున్నట్టే. వంటగది వైపు నుంచి రెండోది వస్తుంది, గుమ్మం దగ్గర ఆగుతుంది, ఒకసారి మూతి నాక్కుంటుంది, కూర్చుని పక్కకు చూస్తుంది. పడుకున్నది తల కూడా తిప్పదు, ఒక చెవి మాత్రం అటు తిరుగుతుంది, తోక కొస నేల మీద రెండుసార్లు కొడుతుంది. అరనిమిషం తర్వాత రెండోది వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అంతే. అరుపు లేదు, ఒక్క వెంట్రుక రాలలేదు. కానీ లిట్టర్ ట్రే నడవాకు అవతల ఉంది. రోజుకు మూడుసార్లు ఇలా జరిగితే నాలుగో రోజుకు సోఫా మూల తడిసి ఉంటుంది, తిట్లు రెండో పిల్లికి పడతాయి.

కాగితం మీద తీసివేత ఒక్కటున్నా కొత్త పిల్లి ఊసు ఎత్తొద్దు. అన్నీ కూడికలైతే ఆ పిల్లులన్నీ ఒక గుంపు. సున్నాలుంటే, కూడికలతో కలిసిన వాటిని ఒక గుంపుగా, ఎవరితోనూ కలవని పిల్లిని దానికదే ఒక గుంపుగా లెక్కవేయండి. ఇంటిని కొలిచేటప్పుడు ఈ గుంపుల సంఖ్య కావాలి.

ఒక చిక్కు ఉంది. కూనలుగా ఉన్నప్పుడు పెట్టిన గుర్తు శాశ్వతం కాదు. పిల్లి ఒంటికి ఏడాదికల్లా ఎదిగినా, నలుగురిలో తన చోటు తేల్చుకునేది రెండు నుంచి నాలుగేళ్ల వయసు మధ్య. అప్పటిదాకా ఆడుకున్న రెండు పిల్లులు ఆ వయసులో దూరం కావచ్చు. మొదటి రెండూ బాగున్నాయి కదా అని ఏడాది తిరక్కుండా మూడోదాన్ని తెచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇల్లు కొలవడం, చదరపు అడుగుల్లో కాదు

తెల్లకాగితం మీద ఇంటి పటం గీయండి. గుమ్మాలు, కిటికీలు, ఎత్తైన చోట్లు గుర్తించండి. ఇప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: ఒక పిల్లి ఇంకో పిల్లి కంట పడకుండా తిని, నీళ్లు తాగి, పడుకుని, ట్రేకి వెళ్లి రాగల చోట్లు ఈ ఇంట్లో ఎన్ని? అలాంటి ఒక్కో మూలను ఒక మకాం అనుకుందాం. మకాముల సంఖ్య గుంపుల సంఖ్యకు తగ్గకూడదు. ఒకే గది ఉన్న ఇంట్లో మకాం ఒక్కటే, కాబట్టి అక్కడ ఒక పిల్లి, లేదా పక్కా కూడిక గుర్తున్న ఒక జంట. తలుపుల్లేకుండా హాలూ వంటిల్లూ కలిసిపోయిన పెద్ద ఇల్లు ఈ లెక్కలో చిన్నదవుతుంది. గదులు చిన్నవైనా మలుపులూ, రెండేసి గుమ్మాలూ ఉన్న పాత ఇల్లు పెద్దదవుతుంది. ఒకే గుమ్మమున్న గదిలో తిండిగిన్నె పెడితే అది మకాం కాదు, బోను. లోపలున్న పిల్లికి తప్పించుకునే దారి ఉండదు.

ట్రేల లెక్క తేలిక. పిల్లులెన్నో వాటికి ఒకటి ఎక్కువ. రెండు పిల్లులకు మూడు, నాలుగింటికి అయిదు. కానీ మూడు ట్రేలను బాత్రూములో వరసగా పెడితే పిల్లి కంటికి అది ఒక్క ట్రేయే. ఒకటి గుమ్మం దగ్గర కూర్చుంటే మూడూ మూతపడ్డట్టే. వేర్వేరు గదుల్లో ఉండాలి. తిండిగిన్నెకు దూరంగా, వాషింగ్ మెషీన్ లాంటి చప్పుడు చేసే వస్తువుల పక్కన కాకుండా పెట్టాలి.

ట్రే పొడవు, పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లుండాలి. మామూలు పిల్లికి అది సుమారు 70 సెంటీమీటర్లు. ట్రే అని అమ్మేవి చాలావరకు ఇంతకన్నా చిన్నవి. బట్టలు దాచుకునే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బాకు ఒకవైపు అంచు కోసుకుంటే బాగా పనికొస్తుంది. లిట్టర్ 5 సెంటీమీటర్ల మందాన పోయాలి. 70 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న ట్రేకి అది 15,750 ఘన సెంటీమీటర్లు, అంటే దాదాపు 16 లీటర్లు. అలాంటివి అయిదు ట్రేలంటే ఒక్కసారి నింపడానికే 80 లీటర్లు. ఈ లెక్క వేశాక నాలుగో పిల్లి ఆలోచన మానుకునేవాళ్లుంటారు, అది తప్పేం కాదు.

తిండిగిన్నెలు పిల్లికొకటి, ఒకదానికొకటి కనపడని చోట. పక్కపక్కన తలలు పెట్టి తింటున్న పిల్లుల ఫొటోలు ముచ్చటగానే ఉంటాయి. కానీ పిల్లి సహజంగా రోజుకు 10 నుంచి 20 సార్లు కొంచెం కొంచెంగా, ఒంటరిగా తినే జంతువు. పక్కన ఇంకొకటి ఉంటే బెరుకు పిల్లి గబగబా మింగి కక్కేస్తుంది, లేదా సగంలో వదిలేసి పోతుంది. మిగిలింది రెండోది తింటుంది. మూడు నెలల్లో ఒకటి బక్కచిక్కి, ఇంకొకటి పీపాలా తయారవుతుంది. నీళ్ల గిన్నె తిండిగిన్నెకు ఎడంగా, కనీసం రెండు చోట్ల ఉండాలి.

ఎత్తు మాత్రం ఇంటి వైశాల్యాన్ని నిజంగానే పెంచుతుంది. అల్మరా పైభాగం, కిటికీ గట్టు, గోడకు బిగించిన చెక్క అర, ఇలాంటివి పిల్లికి ఒకటి చొప్పున కాక ఒకటి రెండు ఎక్కువే ఉండాలి. ఒక్కోటి ఒక పిల్లికే సరిపోయేంత ఉంటే మేలు. వెడల్పుగా ఉంటే చోటు కోసం తగవు. ఎక్కడానికొక దారి, దిగడానికొక దారి ఉండాలి. దిగే దారి ఒకటే అయితే కింద కూర్చున్న పిల్లి పైనున్నదాన్ని గంటల తరబడి బందీగా ఉంచగలదు.

రోజుకు ఎన్ని నిమిషాలు

గడియారం దగ్గర పెట్టుకుని చూడండి. ఒక పెద్ద పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మూత్రం పోస్తుంది, ఒకసారి మలవిసర్జన చేస్తుంది. నాలుగు పిల్లులుంటే రోజుకు 12 నుంచి 20 ముద్దలు స్కూప్‌తో తీయాలి, అదీ అయిదు చోట్ల. రోజుకు ఒక్కసారి తీయడం కనీసం. ట్రేలు కిటకిటలాడుతుంటే రెండుసార్లు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉంటే అది బయటపడిన ఒకటి నుంచి అయిదు రోజుల్లో సోకే దశకు చేరుతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజు తీసేయడం మనకూ మంచిది. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఇంకొకరు చేయాలి. ఆ ఇంకొకరు ఎవరో ముందే తేల్చుకోండి.

ఆటకు ఒక్కో పిల్లికి రోజుకు రెండు విడతలు, విడతకు కనీసం పది నిమిషాలు. రెండింటినీ కలిపి ఒకే ఈకల కర్రతో ఆడిస్తే చొరవున్నది ఎగురుతుంది, రెండోది కూర్చుని చూస్తుంది. చూసింది ఆటలో లెక్కకు రాదు. పూర్తి కూడిక గుర్తున్న జంటలో మాత్రం సగం ఆట అవే ఆడుకుంటాయి. ఆ ఒక్క విషయంలో రెండు పిల్లులు ఒకదానికన్నా తేలిక.

తిండి, గిన్నెలు కడగడం, ట్రేలు, ఆట, దువ్వడం కలిపితే మొదటి పిల్లికి రోజుకు సుమారు ముప్పావు గంట, ఆ తర్వాత ఒక్కోదానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట వేసుకోండి. వారానికి ఏడు రోజులూ. పండగ లేదు, జ్వరం లేదు. మీ దగ్గర మిగిలేది గంటే అయితే సమయం హద్దు ఒకటి, మహా అయితే రెండు.

నిమిషాల్లో కొలవలేని పని ఇంకోటుంది, కనిపెట్టి ఉండటం. ఒక్క పిల్లి ఉంటే ట్రేలో నెత్తురు కనిపించిన వెంటనే ఎవరిదో తెలుసు. నాలుగుంటే ఎవరిదో తేల్చడానికే రెండు రోజులు పడుతుంది. మగపిల్లికి మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ట్రేలో కూర్చుని ముక్కుతోంది, చుక్క రావడం లేదు అన్న సంగతి మీ కంటపడాలి. అలాగే పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదైతే, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రమాదంలో పడుతుంది. అందరికీ ఒకే పళ్లెం పెట్టే ఇంట్లో ఎవరు తినలేదో ఎలా తెలుస్తుంది? నెలకోసారి ప్రతిదాన్నీ తూచి బరువు రాసిపెట్టండి. పిల్లిని బుట్టలో పెట్టి తూచి బుట్ట బరువు తీసేస్తే చాలు. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయిందన్నమాట. బొచ్చు కింద అది కంటికి ఆనదు. నెలకోసారి అన్నిటినీ తూచి రాయడం మీవల్ల కావట్లేదంటే, పిల్లులు ఎక్కువైనట్టే లెక్క.

ఖర్చూ, గడ్డు నెలా

నెల ఖర్చు వేయడం కష్టం కాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉండే 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. పొడి తిండి 100 గ్రాముల్లో సాధారణంగా 350 నుంచి 400 కేలరీలుంటాయి కాబట్టి అది 50 నుంచి 57 గ్రాములు. నాలుగింటికి నెలకు ఆరు నుంచి ఏడు కిలోలు. ప్యాకెట్ మీది అంకె చూసి మీదైన లెక్క వేసుకోండి. దానికి లిట్టర్, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, బొచ్చులో చేరి నెత్తురు తాగే ఫ్లీ పురుగులకు మందు, ఏడాదికోసారి డాక్టరు పరీక్ష, వ్యాక్సిన్లు కలపండి. ఫ్లీల మందు దగ్గర ఒక జాగ్రత్త. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు పిల్లికి విషం. ఇంట్లో కుక్క కూడా ఉంటే ఈ రెండూ తారుమారు కాకూడదు.

ఒక పిల్లి ఖర్చును పిల్లుల సంఖ్యతో గుణిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. జబ్బులు విడివిడిగా రావు. ఒకదానికి జలుబు వైరస్ పట్టిందంటే వారంలో అన్నీ తుమ్ముతుంటాయి. ఒకదానికి తామర వస్తే అన్నిటికీ, మీతో సహా, మందు వాడాల్సి రావచ్చు. పిల్లుల కరోనా వైరస్ మలం ద్వారా, ఒకే ట్రే పంచుకోవడం వల్ల పాకుతుంది. చాలా పిల్లుల్లో అది పెద్దగా ఏమీ చేయదు, కొన్నిట్లో మాత్రం ఎఫ్‌ఐపి అనే ప్రాణాంతకమైన జబ్బుగా మారుతుంది. కిక్కిరిసిన ఇళ్లలో ఆ ముప్పు ఎక్కువ. కాబట్టి నిల్వ సొమ్ము లెక్క ఇలా వేయండి: మీ పశువైద్యుణ్ణి అడిగి, మూత్రం అడ్డుపడిన మగపిల్లికి ఆసుపత్రిలో ఉంచి చేసే చికిత్సకు ఎంతవుతుందో కనుక్కోండి. అలాంటివి రెండు ఒకే నెలలో వచ్చినా తట్టుకునేంత పక్కన పెట్టగలిగితేనే మూడో పిల్లి.

వయసునూ చూడండి. ఇంట్లో ఉండే పిల్లి 15 ఏళ్లు బతకడం మామూలే, 18, 20 ఏళ్లు బతికేవీ ఉన్నాయి. పదేళ్లు దాటాక కిడ్నీలు, పళ్లు, థైరాయిడ్ అంటూ ఒక్కోటీ మొదలవుతాయి. ఒకే ఏడాది మూడు కూనల్ని తెచ్చుకుంటే పుష్కరకాలం తర్వాత మూడూ ఒకేసారి ముసలివవుతాయి. మూడింటికీ మాత్రలు, మూడింటికీ వేర్వేరు పథ్యం తిండి.

గడ్డు నెలకు రెండు వస్తువుల పరీక్ష ఉంది. ఒకటి, తలుపు వేయగల ఖాళీ గది. జబ్బుపడ్డ పిల్లిని వేరుగా ఉంచడానికి బాత్రూమైనా సరే, కానీ ఇంట్లో వాడే ఒకే బాత్రూమైతే అది లెక్కలోకి రాదు. అలాంటి గది లేని ఇంటికి రెండు దాటొద్దని మా మాట. రెండోది, పిల్లిని తీసుకెళ్లే బుట్ట. పిల్లికొకటి ఉండాలి. నిప్పు అంటుకుందనుకోండి, ఇంట్లో ఉన్న మనుషులు ఒక్క విడతలో మెట్లు దిగుతూ ఎన్ని బుట్టలు మోయగలరు? ఒక్కరే ఉండే ఇంట్లో జవాబు రెండు. మీరు ఊరెళ్తే వచ్చి చూసే మనిషి ఎన్నిటికి ఒప్పుకుంటారో కూడా అడిగి చూడండి. రెండింటికి సరేనన్నవాళ్లు అయిదింటికి మొహమాటంగా నవ్వుతారు.

ఆపరేషన్ కాని పిల్లి ఉంటే లెక్కే లేదు

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. గర్భం తొమ్మిది వారాలు. ఈతకు సాధారణంగా మూడు నుంచి అయిదు కూనలు. పాలిస్తుండగానే మళ్లీ కట్టవచ్చు. ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్లయినా సరే, వాటికి వావివరసలు లేవు. రెండు అని మొదలుపెట్టిన ఇల్లు ఏడాదిలో పది దాటడం వింత కాదు. అయిదు నెలలు నిండేలోపే ఆపరేషన్ చేయించండి. మగపిల్లికి ఆపరేషన్ అయ్యాక కూడా నెలా నెలన్నర దాకా పిల్లలు పుట్టించే శక్తి మిగిలి ఉండొచ్చు, అంతవరకు ఆపరేషన్ కాని ఆడవాటికి దూరంగా ఉంచండి. ఈ పని పూర్తయ్యాకే పైన చెప్పిన లెక్కలకు అర్థం.

ఏ అంకె ఎవరికి

రోజంతా ఇల్లు ఖాళీగా ఉండి, కూనను తెచ్చుకోవాలనుకుంటే రెండు తెచ్చుకోండి, ఒకే ఈతలోవి, ఒకేసారి. కొరకడం, పట్టు వదలడం ఒకదాని మీద ఒకటి నేర్చుకుంటాయి, మీ చీలమండలు బతికిపోతాయి. తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు, వీలైతే పన్నెండు వారాలు ఉన్నవాటినే తీసుకోండి.

ఇంట్లో ఇప్పటికే అయిదారేళ్ల పిల్లి ఒక్కటే సుఖంగా ఉందా? దానికి తోడు కావాలన్నది ఎక్కువగా మన ఊహ. తింటోంది, ఆడుతోంది, నిద్రపోతోంది, అంటే దానికి ఏ లోటూ లేదు. కిటికీలోంచి వీధిపిల్లిని చూసి బుసకొట్టే రకమైతే జవాబు అదే చెప్పేసింది. పన్నెండేళ్ల ముసలిపిల్లి మీదికి మూడు నెలల కూనను వదలడం అన్నిటికన్నా చెడ్డ జోడీ. కీళ్లనొప్పులున్నదాని వీపు మీదికి రోజంతా దూకే అల్లరిది తోడెలా అవుతుంది? తప్పనిసరైతే కూనలు రెండుండాలి, అప్పుడు అవి అవి ఆడుకుని పెద్దదాన్ని వదిలేస్తాయి. అప్పుడు మీ లెక్క మూడుకు చేరిందని గుర్తుంచుకోండి.

మూడు అంకె తంటాలమారిది. రెండు కలిసిపోయి ఒకటి ఒంటరిగా మిగలడం తరచూ జరుగుతుంది. నాలుగు, అయిదు అన్నవి ప్రత్యేకంగా గదులు, అనుభవం, ఇంట్లో ఇంకో మనిషి సాయం ఉన్నవాళ్లకు. అంతకు మించితే, ఎంత ప్రేమ ఉన్నా, ఒక్కో పిల్లిని విడిగా ఎరిగి ఉండటం దాదాపు అసాధ్యం. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మంలోనే ముక్కు చిట్లిస్తే ఆ మాట నమ్మండి, మీ ముక్కు ఎప్పుడో అలవాటుపడిపోయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. పిల్లులు ఎక్కువైన ఇంట్లో ఆ కళ్లు మూసుకునేది యజమాని.

ఇంకొకటి తెచ్చేటప్పుడు

లెక్క కుదిరింది, తెస్తున్నారు. తెచ్చిన రోజునే పరీక్ష చేయించండి. పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవి వైరస్ ముఖ్యంగా కాట్ల ద్వారా, ఫెలైన్ లుకేమియా వైరస్ నాకడం, గిన్నెలు పంచుకోవడం లాంటి వాటి ద్వారా కూడా సోకుతుంది. సోకిన కొత్తలో పరీక్షలో కనపడకపోవచ్చు, అందుకే ఒకటి రెండు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. ఇంట్లో గతేడాది ఏ కూనయినా పాన్‌ల్యుకోపీనియా అనే వైరస్ జబ్బుతో చనిపోయి ఉంటే, వ్యాక్సిన్ పూర్తికాని కూనను అసలు తేవొద్దు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉంటుంది.

మొదటి రెండు వారాలు వేరే గదిలో, తలుపు మూసి ఉంచండి. జలుబు వైరస్‌లు చాలావరకు ఈ గడువులో బయటపడతాయి. తామరకు మూడు వారాలు పట్టొచ్చు. ఈ గదికి వేరే ట్రే, వేరే స్కూప్, వేరే గిన్నెలు. మూడో నాలుగో రోజు నుంచి వాసనల మార్పిడి మొదలుపెట్టండి. మెత్తటి గుడ్డతో ఒకదాని బుగ్గలు తుడిచి రెండోది తినే చోటుకు కాస్త దూరంగా పరవండి. బుసకొడితే గుడ్డను ఇంకా దూరం జరపండి. వాసన చూసి పట్టించుకోకుండా తిండికి పోయేదాకా రోజూ ఇదే. తర్వాత మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి గిన్నె పెట్టి, రోజుకు కొంత దగ్గరకు జరపండి. ఆ తర్వాత వలతలుపులోంచి చూపించండి, అయిదు నిమిషాలు, తింటున్నప్పుడే. చివరికి ఒకే గదిలో, ఈకల కర్ర చేతిలో పట్టుకుని, పావుగంట. మంచిగా ఉండగానే ఆపేయండి. గొడవ దాకా సాగనిస్తే తర్వాతి రోజు ఆ గొడవ దగ్గరనుంచే మొదలవుతుంది.

ఇదంతా రెండు వారాల్లో అయిపోవచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు. ఎక్కువమంది చేసే తప్పు, నాలుగో రోజున విసిగి తలుపు తీసేసి "వాటికవే తేల్చుకుంటాయిలే" అనుకోవడం. తేల్చుకోవు. పోట్లాడిన తర్వాత రాజీ చేసుకునే మర్యాదలు పిల్లుల్లో అంతంతమాత్రం. ఒక్క పెద్ద పోట్లాట నెలలపాటు గుర్తుంటుంది. నిజంగా కొట్టుకుంటే చేతులు పెట్టకండి, మధ్యలో అట్టముక్కో దిండో దించి చెరో గదిలోకి పంపి, మళ్లీ వాసనల దశ నుంచి మొదలుపెట్టండి.

పాత పిల్లుల మధ్య ఉన్నట్టుండి యుద్ధం వస్తే రెండు కారణాలు ముందు చూడండి. ఒకటి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చి ఉంటుంది. మందుల వాసనతో వచ్చిన దాన్ని రెండోది పరాయిదనుకుంటుంది. ఒక రోజు వేరే గదిలో ఇంటి దుప్పటి మీద పడుకోనిస్తే చాలావరకు సర్దుకుంటుంది. లేదా కిటికీ బయట కొత్త పిల్లి కనిపించి, దాని మీది కోపం పక్కనున్నదాని మీద తీర్చుకుని ఉంటుంది. అలాంటప్పుడు కిటికీ కింది సగానికి కాగితం అంటిస్తే సగం పని అయినట్టే.

ఇప్పటికే ఎక్కువైపోతే

ట్రే బయట మూత్రం, పొట్ట మీద బొచ్చు ఊడేలా నాక్కోవడం, రోజంతా మంచం కింద నుంచి రాని పిల్లి, మాటిమాటికీ మూత్రకోశం వాపు, ఇవి కనిపిస్తే మొదట డాక్టరుకు చూపించండి. జబ్బు లేదని తేలాక ట్రేలూ గిన్నెలూ లెక్క ప్రకారం పెంచి విడదీయండి. తడిసిన చోటును ఎంజైములున్న ద్రావణంతో కడగండి. అమ్మోనియా ఉన్నవి మూత్రం వాసనే ఇస్తాయి, మళ్లీ అక్కడే పోస్తుంది. బ్లీచింగ్ అసలొద్దు, మూత్రంతో కలిస్తే విషవాయువు పుడుతుంది. ఇల్లు అనుకూలిస్తే తలుపు మధ్యలో వేసి రెండు గుంపుల్నీ రెండు భాగాల్లో శాశ్వతంగా ఉంచొచ్చు. అది ఓటమి కాదు, చాలా ఇళ్లలో అందరికీ నిద్రపట్టే ఏర్పాటు అదే.

రెండు మూడు నెలలు ఇలా చేసినా మారకపోతే ఒకదానికి వేరే ఇల్లు వెతకాలి. ఏది వెళ్లాలన్న దగ్గర చాలామంది మిగతావాటిని బెదిరించేదాన్ని పంపాలనుకుంటారు. కాగితం మీద గుర్తులు చూడండి. ఎవరితోనూ కూడిక లేనిది, ఎక్కువ తీసివేతలున్నది ఏదో అదే వెళ్లాలి. తరచూ అది బెదిరింపులు పడే పిల్లే అవుతుంది. ఒంటరిగా ఉండే ఇంట్లోకి వెళ్లాక చాలావరకు దాని తీరే మారిపోతుంది. నాక్కుంటూ కలిసి పడుకునే జంటను విడదీయకండి, పంపితే రెండింటినీ కలిపే పంపండి. వెళ్లే పిల్లి ట్రే, దుప్పటి ఉతక్కుండా దానితోపాటే ఇవ్వండి. కొత్త ఇంటివాళ్లకు ట్రే బయట పోసే సంగతి దాచకుండా చెప్పండి. నెల తర్వాత మీ ఇంట్లో మిగిలిన జంటలకు మళ్లీ కొత్తగా గుర్తులు పెట్టండి, ఒకటి వెళ్లాక మిగతావాటి మధ్య గుర్తులు కూడా మారతాయి.